బొటనవేలికి సెలవులు

ఆ ఏడు ఎండలు ముదరకముందే నా కుడిచెయ్యి మొరాయించింది. ఒకరోజు పొద్దున్న పేస్టు ట్యూబు మూత తిప్పబోతే బొటనవేలి మొదట్లో చురుక్కుమంది. ఆ నొప్పి మణికట్టు మీదుగా మోచేతి దాకా గీత గీసినట్టు పాకింది. మూత రాలేదు, కళ్ళల్లో నీళ్ళు మాత్రం వచ్చాయి. మర్నాడు తలుపు గడియ తియ్యలేకపోయాను. ఆ పైరోజు క్లాసులో నోట్సు రాసుకుంటుంటే పెన్ను దానంతటదే జారి కిందపడింది. యూనివర్సిటీలో ఆఖరి పరీక్షలు ముంచుకొస్తున్నాయి. పెన్ను పట్టలేని పిల్ల పరీక్షేం రాస్తుంది?

మెడనొప్పి సంగతి నేనసలు లెక్కలోకే తీసుకోలేదు. అది మా క్లాసులో ఎవరికి లేదు గనక. నా పక్కన కూర్చునే పిల్లని అందరం కొంగ అనేవాళ్ళం. పొడుగ్గా ఉండేది, చేప కోసం కాచుకున్నట్టు ఎప్పుడూ మెడ వంచి ఫోన్లోకి చూస్తుండేది. ఆ పేరంటే తనకి కోపం కూడా లేదు. యూనివర్సిటీ ఆస్పత్రిలో మెడ, భుజం, చేతి నొప్పులున్న విద్యార్థులకి పరీక్షలు చేస్తున్నారని నోటీసు పెడితే, నన్ను రెక్క పట్టుకుని తీసుకెళ్ళింది అదే.

క్యూ వరండా దాటి సైకిల్ స్టాండు దాకా ఉంది. నిలబడ్డ ప్రతివాడూ తల వంచుకుని ఫోన్ చూసుకుంటున్నాడు.

"ఈ క్యూని చూస్తేనే రోగం తెలిసిపోతోంది, ఇంక పరీక్ష దేనికే," అంది కొంగ, తన ఫోన్లోంచి తల ఎత్తకుండానే.

ఫిజియో మేడమ్ పెద్దావిడేం కాదు. చేతులు మాత్రం గట్టివి. నన్ను స్టూలు మీద కూర్చోబెట్టి, బొటనవేలు లోపలికి మడిచి పిడికిలి బిగించమంది. తర్వాత నా పిడికిలి పట్టుకుని రవ్వంత కిందికి వంచింది. నేను స్టూలు మీంచి లేచి నిలబడిపోయాను.

"కూర్చో, కూర్చో. అయిపోయింది," అంది. "బొటనవేలిని ఆడించే టెండన్లు ఇక్కడ ఒక సన్నటి ఒరలోంచి వెళ్తాయి. ఆ ఒర వాచింది. కదిలినప్పుడల్లా ఒరుసుకుంటోంది. ఫోన్ ఏదీ, ఇటివ్వు."

ఇచ్చాను. ఏదో నొక్కి చూసి కనుబొమలు పైకెత్తింది.

"రోజుకి తొమ్మిది గంటలు. గేములా, వీడియోలా?"

"మెసేజులు మేడమ్."

"ఎవరేంటి అతను?" అంది నవ్వాపుకుంటూ. వెనకాల క్యూలో ఎవరో కిసుక్కుమన్నారు.

"మా అమ్మ," అన్నాను.

ఆవిడ నవ్వు మొహంలోనే ఆగిపోయింది. ఫోన్ బల్ల మీద పెట్టి, కుర్చీ కాస్త నా దగ్గరికి జరుపుకుంది.

"ఎక్కడుంటారు?"

"వేరే దేశంలో. ముసలివాళ్ళని చూసుకునే హోమ్‌లో నర్సు."

"మరి ఫోన్ చేసుకోవచ్చుగా తల్లీ. ఇంత టైపు చెయ్యడం దేనికి?"

"డ్యూటీలో మాట్లాడనివ్వరు మేడమ్. చెవిలో ఏదీ పెట్టుకోకూడదు. ఫోన్ ఆప్రాన్ జేబులో ఉంటుంది, సందు దొరికినప్పుడు చూసుకుంటుంది. నేను రాసిపెడితే చదువుకుంటుంది."

"ఎన్నాళ్ళయింది ఆవిడ వెళ్ళి?"

"నాలుగేళ్ళు."

మేడమ్ సొరుగు తెరిచింది. నా మణికట్టుకీ బొటనవేలికీ కలిపి గట్టి పట్టీ ఒకటి బిగించింది. నెలన్నర పాటు బొటనవేలికి సెలవులు, అంది. ఎడమచేత్తో కూడా టైపు కొట్టొద్దంది, అదీ ఇదే దారిలో ఉందట. మెడ కోసం గోడకి ఆనుకుని చేసే వ్యాయామం ఒకటి చూపించింది. చివర్లో, గొంతు తగ్గించి, "మీ అమ్మగారికి నన్ను చెప్పమంటావా?" అంది.

"వద్దు మేడమ్. కంగారుపడుతుంది."

బయటికొచ్చాక పట్టీలోంచి పొడుచుకొచ్చిన బొటనవేలి చివరని చూసుకుంటూ నిలబడ్డాను. చెయ్యి పోయినట్టు లేదు. నోరు కట్టేసినట్టుంది.

* * *

అమ్మ వెళ్ళేటప్పుడు మా నాన్న వెళ్ళమనీ అనలేదు, వద్దనీ అనలేదు. పెట్టెలు ఆటోలో పెట్టాడు, తాళాలు సరిగ్గా పడ్డాయో లేదో రెండుసార్లు లాగి చూశాడు, అంతే. ఆయన మాటల మనిషి కాడు. బజారు మలుపులో మాకు చిన్న కళ్ళద్దాల షాపు ఉంది. సన్నటి స్క్రూలు, పల్చటి గాజులు, వెంట్రుకంత తేడాలు, ఇవీ ఆయన లోకం. అమ్మ సెలవు రోజున ఫోన్ చేస్తే, "ఆఁ. బాగున్నా. ఇదిగో, అమ్మాయికిస్తున్నా," అనేవాడు. మూడు ముక్కలు. నాలుగేళ్ళుగా అవే మూడు ముక్కలు.

మాటలన్నీ నా వాటాకొచ్చాయి. అమ్మ ఎదురుగా ఉన్నప్పుడు పెద్ద మాటకారి కాదు, మెసేజుల్లో మాత్రం చెలరేగిపోయేది. "ఇవాళ చివరి గది తాతగారు నన్ను పెళ్ళి చేసుకుంటావా అని అడిగాడే. ముందు పళ్ళ సెట్టు పెట్టుకుని అడగండి, అప్పుడాలోచిస్తానన్నాను," అని రాసేది. ఆవిడ మడతపెట్టిన దుప్పట్లూ, కిటికీ బయట గడ్డకట్టిన నీళ్ళూ, తనని కూతురనుకుని రోజూ తిట్టిపోసే ఒక మామ్మా, అన్నీ నాకు తెలుసు. మా కూరలో ఉప్పెక్కువైన సంగతి దగ్గర్నుంచీ అమ్మకి తెలుసు. మేం ఒకే ఇంట్లో వేరు వేరు గదుల్లో ఉన్నట్టే అనిపించేది, మధ్యలో తలుపు ఒక్కటే లేదన్నట్టు.

ఆ సాయంత్రం ఫోన్ బల్ల మీద పెట్టి, మాట చెప్తే అదే రాసుకునేదేదో ఉందిగా అని దాన్ని నమ్ముకున్నాను. "అమ్మా, చెయ్యి బాగాలేదు," అన్నాను నిదానంగా. అది "అమ్మా చేప బాగాలేదు" అని రాసి పంపేసింది.

"ఏం చేపే? ఎక్కడ కొన్నారు? మీ నాన్నకి వాసన తెలియదా?" అని అమ్మ.

నేను దిద్దబోతే అది ఇంకేదో రాసింది. అమ్మ కంగారు ఎక్కువైంది. ఇద్దరికీ విషం ఎక్కిందేమోనన్న దాకా వెళ్ళింది వ్యవహారం. ఇలా లాభం లేదని ఫోన్ ఎడమచేత్తో పట్టుకుని షాపుకి పరిగెత్తాను.

నాన్న ఎవరిదో ఫ్రేములో లెన్సు బిగిస్తున్నాడు. తన కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసుకున్నాడు. నా పట్టీని చూసి చేతిలో పని ఆపాడు.

"ఏమైంది?"

"ఏం లేదు నాన్నా, కాస్త వాచింది. తగ్గిపోతుందట. ఇప్పుడు నేను చెప్తాను, నువ్వు అమ్మకి టైపు చెయ్యి."

"నేనా?"

"నువ్వే. ఇంకెవరున్నారు?"

ఆయన దగ్గర ఉన్నది బొత్తాల ఫోను. ఇలాంటిది ఎప్పుడూ ముట్టుకోలేదు. చేతులు గుడ్డకి తుడుచుకుని, లెన్సు పట్టుకున్నట్టే రెండు అంచులూ పట్టుకుని తీసుకున్నాడు. చూపుడువేలితో ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టాడు. నేను చెప్పిందేమో, "అమ్మా, చేప లేదు ఏం లేదు, చెయ్యి కొంచెం నొప్పి, కంగారుపడకు" అని. ఆయన రాసిందేమో, "చేప లేదు. చేయి నొప్పి. భోజనము అయినది. క్షేమము."

అటునుంచి కాసేపు ఏమీ రాలేదు. తర్వాత, "ఎవరండీ ఈ టెలిగ్రాములు పంపేది?" అని వచ్చింది.

నాన్న ఆ వాక్యాన్ని చాలాసేపు చూశాడు. "ఏమని చెప్పను?" అన్నాడు.

"నేనే అని చెప్పు."

"నేను," అని కొట్టి పంపాడు.

* * *

అలా మొదలైంది. రోజూ సాయంత్రం షాపు కట్టేశాక ముందుగదిలో కుర్చీలు దగ్గరగా వేసుకుని కూర్చునేవాళ్ళం. అమ్మ పంపినవన్నీ నాన్న పైకి చదివేవాడు, రేడియోలో వార్తలు చదివినట్టు, ఎత్తూ పల్లం లేకుండా. నేను జవాబు చెప్పేదాన్ని, ఆయన కొట్టేవాడు. చివరి గది తాతగారి పెళ్ళి గోల మళ్ళీ వచ్చింది ఒకరోజు. దాన్నీ అలాగే చదివి, కాస్త ఆగి, "ఇంతకీ అతనికి పళ్ళ సెట్టు ఉందా?" అన్నాడు. నేను పగలబడి నవ్వాను. ఆయన నవ్వలేదు.

"ఈ పసుపుపచ్చ బుర్ర ఏంటి, కన్ను కొడుతోంది?"

"అమ్మ వేళాకోళమాడుతోందని అర్థం నాన్నా."

"ఎవరితో?"

ఎవరితోనో నాకూ తెలియలేదు. నాన్న చదువుతాడని తెలిశాక అమ్మ రాతే మారిపోయింది. కొన్ని నాతోనే చెప్పేవి ఉండేవి, కాళ్ళు పీకుతున్నాయనీ, ఇవాళ స్నానాలగదిలో కూర్చుని ఏడ్చాననీ. అవి రావడం మానేశాయి. వాటి బదులు జుట్టు దువ్వుకుని రాసినట్టుండే మాటలు వచ్చేవి. మా సందులో సంగతులు, షాపు సంగతులు అడిగేది. అప్పుడప్పుడు జోకులు నాకు అర్థమయ్యేవి కావు. నాన్నకి అర్థమయ్యేవి. ఎప్పటివో, నేను పుట్టకముందువి అయ్యుండాలి.

ఒక సాయంత్రం, "మీ నాన్న పక్కనే ఉన్నారా?" అని వచ్చింది. నాన్న చదవడం చదివాడు. నేను నోరు తెరిచేలోపు ఆయన వేలు కదిలింది. ఉన్నాను, అని వెళ్ళిపోయింది. అది నేను చెప్పిన మాట కాదు.

ఆ మర్నాటి నుంచి ఫోన్ ఆయన జేబులోనే షాపుకి వెళ్ళింది.

"నువ్వు ముట్టుకోకూడదు కదా అమ్మడూ. నా దగ్గరుంటే నీకు బుద్ధి పుట్టదు," అన్నాడు. మాట సబబే.

ఇంట్లో నేనూ, పుస్తకాలూ మిగిలాం. పేజీ తిప్పి పక్కకి చెయ్యి జాపేదాన్ని, అక్కడ ఏమీ ఉండేది కాదు. పట్టీలో బొటనవేలు తనంతట తనే ఆడేది, నిద్రలో చిన్నపిల్లలు పెదవులు కదిపినట్టు. అమ్మతో చెప్పాల్సినవి పొద్దుటి నుంచీ పోగవుతుండేవి. పిట్టగోడ మీద పిల్లి నాలుగు పిల్లల్ని పెట్టిందని, పాలవాడు గుండు చేయించుకున్నాడని. అప్పటికప్పుడు చెప్తే రుచి గానీ, సాయంత్రం కూర్చుని ఒక మనిషి చేత టైపు చేయించేంత కబుర్లా అవి? చాలా మటుకు మింగేశాను. పిల్లులు పెద్దవై గోడ దిగి వెళ్ళిపోయాయి. అమ్మకి ఆ సంగతి తెలియనే తెలియదు.

మెడ మాత్రం తేలికపడింది. ఎన్నాళ్ళుగానో మా వీధిలో నేను నేలనీ, ఫోన్‌నీ తప్ప ఏమీ చూడలేదని అప్పుడు తెలిసింది. ఎదురింటి మేడ మీద ఒకావిడ బట్టలారేస్తూ తనలో తాను మాట్లాడుకుంటుంది. సాయంత్రం నాలుగింటికి ఎండ మా గోడ దిగి వీధిలోకి వెళ్ళిపోతుంది. చూసేదాన్ని. చూసిందంతా ఎవరికి చెప్పాలో తెలిసేది కాదు.

మా పెద్దమ్మ, అంటే అమ్మ వాళ్ళక్క, రెండు వీధుల అవతల ఉంటుంది. ఒక మధ్యాహ్నం చెమటలు కక్కుకుంటూ వచ్చి కుర్చీలో కూలబడింది.

"ఏమే, మీ నాన్నకి ఈ వయసులో ఫోన్ పిచ్చి పట్టిందేంటే? అద్దాలు మార్పించుకుందామని వెళ్తే, నన్ను నిలబెట్టి ఫోన్లోకి చూసి నవ్వుకుంటున్నాడు. ఆ మనిషికి పళ్ళున్న సంగతే నేను మర్చిపోయాను."

"అమ్మతో పెద్దమ్మా."

ఆవిడ కొంగుతో మొహం తుడుచుకోవడం ఆపింది. నమ్మలేనట్టు నావైపు చూసింది.

"మా చెల్లితోనా? వాళ్ళిద్దరూ ఏం మాట్లాడుకుంటారే?"

"నాకేం తెలుసు?" అన్నాను. అనుకున్న దానికన్నా కటువుగా వచ్చింది.

పెద్దమ్మ కాసేపు నన్నే చూసి, నా పట్టీ చేతిని తన ఒళ్ళోకి లాక్కుంది. "పోనీలేవే. పాతికేళ్ళ కాపురంలో ఇప్పటికైనా మాట కలిసింది. నీ చెయ్యి నొప్పి పుణ్యమే అది," అంది.

ఆవిడ వెళ్ళాక చెప్పులేసుకుని షాపు దాకా నడిచాను. రోడ్డుకి ఇవతల ఆగిపోయాను. అద్దం వెనకాల నాన్న కౌంటరు మీదికి వంగి ఉన్నాడు. కళ్ళద్దాలు నుదుటి మీద, ముక్కు దగ్గరగా నా ఫోను. ఒక ముసలాయన తన ఫ్రేము కోసం బెంచీ మీద ఓపిగ్గా కూర్చున్నాడు. నాన్న ఏదో చదివి తల పక్కకి తిప్పుకున్నాడు, చదివింది ఎవరైనా చూస్తారేమో అన్నట్టు. ఆ తర్వాత ఆ చూపుడువేలు, నాలుగు అక్షరాలకి నాలుగు నిమిషాలు పట్టిన వేలు, గబగబా కదిలింది.

లోపలికి వెళ్ళి, "అమ్మ ఏమంటోంది నాన్నా?" అనొచ్చు. వెళ్ళలేదు. బస్సు ఒకటి అడ్డంగా వచ్చి ఆగింది. అది కదిలేలోపు నేను ఇంటిదారి పట్టాను.

* * *

అమ్మ ఒప్పందం ఆ ఎండాకాలం చివరికి అయిపోతుంది. కావాలంటే ఇంకో రెండేళ్ళు పొడిగిస్తారు. ఇదివరకు ఒకసారి పొడిగించినప్పుడు అమ్మ నన్నే అడిగింది. "నీ ఇష్టం అమ్మా," అన్నాను. నా చదువు కోసమే కదా అక్కడ ఉంటున్నది, నేనేమనగలను? పొడిగించుకుంది.

ఈసారీ అడిగింది. ఒక ఆదివారం మధ్యాహ్నం, ఫ్యాను గాలి కూడా వేడిగా కొడుతున్నప్పుడు. నాన్న షాపు తియ్యలేదు. ఎవరిదో పాత ఫ్రేము ఇంటికి తెచ్చుకుని, కిటికీ దగ్గర చాప మీద స్క్రూ వదులు చేస్తున్నాడు. ఫోన్ మోగితే ఎడమచేత్తో తీసి చదివాడు.

"అమ్మడూ, వాళ్ళు అడుగుతున్నారు, ఇంకో రెండేళ్ళు ఉంటావా అని. రేపటికి చెప్పాలి. ఏం చెప్పనే?"

ఆ వార్తల గొంతుతోనే చదివాడు. పై కప్పు వైపు చూశాను. నీ ఇష్టం అమ్మా. మూడు మాటలు, తయారుగా ఉన్నాయి. చెబుదామని తల దించేసరికి నాన్న కొడుతున్నాడు. ఆయన భుజం మీదుగా కనిపించింది.

వచ్చెయ్యి.

పంపేసి, ఫోన్‌ని చాప మీద బోర్లా పెట్టాడు. మళ్ళీ స్క్రూడ్రైవర్ తీసుకున్నాడు. స్క్రూ అతి చిన్నది, ఎప్పుడూ జారని చేతిలోంచి జారింది. ఇద్దరం చాపంతా తడిమాం. దొరకలేదు.

"పోనీలే, వేరేది వేస్తాను," అన్నాడు. నా మొహంలోకి చూడలేదు.

ఆ రోజంతా ఫోన్ మోగలేదు. మర్నాడు సాయంత్రం మోగింది.

"నేను అడిగింది అమ్మాయిని. జవాబు ఎవరు చెప్పారు?" నాన్న చదివి నావైపు చూశాడు, తప్పు చేసిన పిల్లాడు మాస్టారి వైపు చూసినట్టు.

"నిజం చెప్పు నాన్నా."

"నేను," అని కొట్టాడు. ఒకటే మాట.

తర్వాతి నాలుగు రోజులూ మా ఇంట్లో వంట చప్పుడు తప్ప ఇంకో చప్పుడు లేదు. నాన్న షాపుకి ఫోన్ తీసుకెళ్ళడం మానేశాడు, బల్ల మీద వదిలేసి పోయేవాడు. దాన్ని చూడకుండా ఉండటానికి నేను పక్కగదిలో చదువుకునేదాన్ని. ఐదోరోజు ఆయన స్నానం చేస్తుండగా మోగింది. నేను ముట్టుకోలేదు, వంగి చూశానంతే. "టికెట్ చూస్తున్నాను," అని ఉంది. స్నానాలగది తలుపు దగ్గరికి వెళ్ళి చెప్పాను. లోపల నీళ్ళ చప్పుడు ఆగిపోయింది.

పరీక్షలు పట్టీతోనే రాశాను. ఫిజియో మేడమ్ లావుపాటి పెన్ను ఒకటి ఇచ్చింది, దాన్ని చూపుడువేలికీ నడిమివేలికీ మధ్య పెట్టుకుని రాయడం నేర్పింది. అక్షరాలు కోడి గీసినట్టు వచ్చాయి. ప్రతి పేపర్లోనూ ఆఖరి ప్రశ్న వదిలేశాను. హాలు బయటికొచ్చాక కొంగ తన మెడ తను పిసుక్కుంటూ, "నీ రాత అర్థంకాక దిద్దేవాళ్ళే మార్కులేస్తారులేవే," అని ధైర్యం చెప్పింది. దాని మాటే నిజమైంది. గట్టెక్కాను, అంతకన్నా గొప్పగా ఏం కాదు.

పట్టీ తీసిన రోజు చెయ్యి సన్నగా, తెల్లగా, ఎవరిదో అన్నట్టుంది. మేడమ్ అటూ ఇటూ తిప్పి చూసింది. నొప్పి పోయింది.

"ఇంక మీ అమ్మగారితో మాట్లాడుకో. కాస్త తగ్గించుకుని," అంది.

"ఆవిడే వచ్చేస్తోంది మేడమ్."

"అలాగా," అని ఆవిడ మనసారా నవ్వింది.

ఆ సాయంత్రం నాన్న నా ఫోన్ తెచ్చి ఇచ్చాడు, తుడిచి, శుభ్రంగా. తనకంటూ ఒకటి కొనుక్కున్నాడట. "నీది నీకుండాలి కదా," అన్నాడు. తెరిస్తే వాళ్ళిద్దరి మాటలూ అందులో ఉన్నాయి, పొడుగ్గా, కిందకీ పైకీ. వేలు పెట్టి జరిపితే చాలు. జరపలేదు. "అమ్మా, చెయ్యి బాగైంది," అని మాత్రం కొట్టాను. బొటనవేలు భయంభయంగా కదిలింది.

"మంచిదే తల్లీ. ఇంక దాన్ని చంపకు. వచ్చాక మాట్లాడుకుందాం," అంది అమ్మ. ఆ తర్వాత నేనేమీ రాయలేదు, తనూ రాయలేదు. పక్కగదిలో నాన్న కొత్త ఫోన్ టింగుమంటూనే ఉంది.

* * *

తొలకరి పడ్డ వారానికి అమ్మ వచ్చింది. నేను అనుకున్న దానికన్నా పొట్టిగా ఉంది. తెరమీద మొహం తప్ప మనిషి ఎత్తు తెలియదు కదా, నేనూ ఈ నాలుగేళ్ళలో పెరిగాను. నన్ను వాటేసుకుని వదల్లేదు. నాన్న పెట్టెల దగ్గర నిలబడ్డాడు. "ప్రయాణం బాగా జరిగిందా?" అన్నాడు. "ఆఁ," అంది అమ్మ. ఇద్దరూ సిగ్గుపడ్డారు. అన్ని వేల అక్షరాలు కొట్టుకున్నవాళ్ళు, ఇంటికొచ్చేదాకా కారు కిటికీల్లోంచి చెరోవైపూ చూస్తూ కూర్చున్నారు.

వాళ్ళ సిగ్గు నాలుగు రోజుల్లో తీరింది. సాయంత్రాలు అమ్మ షాపులో కూర్చోవడం మొదలుపెట్టింది. ముసలివాళ్ళొస్తే వాళ్ళ ముక్కు మీద ఫ్రేము తనే పెట్టి చూసేది, చెవి వెనకాల నొక్కుతోందా అని అడిగేది. నాన్న స్క్రూ తిప్పుతూ ఏదో అనేవాడు, అమ్మ నవ్వేది.

తీరనిది మా ఇద్దరి మధ్యే. వంటింట్లో పక్కపక్కనే నిలబడి కూరలు తరిగేవాళ్ళం. అమ్మ అలసిపోయి ఉండేది, తక్కువ మాట్లాడేది. నేను ఏదైనా చెప్తే "ఊఁ" అనేది. ఫోన్లో నన్ను కడుపుబ్బ నవ్వించిన మనిషి ఈవిడేనా అని వెనకనుంచి చూసేదాన్ని. సిగ్గు విడిచి చెప్పాలంటే, అమ్మ వంటింట్లో ఉండగా నేను అమ్మ కోసం బెంగపెట్టుకున్నాను. ఒకరోజు తను స్నానానికి వెళ్ళినప్పుడు, "అమ్మా, ఏం చేస్తున్నావు?" అని మెసేజు కొట్టి, పంపకుండా చెరిపేశాను.

ఒక మధ్యాహ్నం వాన గట్టిగా పట్టుకుంది. నాన్న షాపులో చిక్కుకుపోయాడు. నేను వరండాలో గోడకి వీపు ఆనించి నిలబడి మెడ వ్యాయామం చేసుకుంటున్నాను. అమ్మ మెడ పట్టుకుని బయటికొచ్చింది.

"నాకూ నేర్పవే. ఆప్రాన్ జేబులోకి చూసీ చూసీ నా మెడ కూడా ఒంకర పోయింది."

ఎదురుగోడకి నిలబెట్టాను. వరండా ఇరుకు, మధ్యలో రెండు బారలు కూడా లేదు. మడమలు, వీపు, తల గోడకి ఆనాలి. గెడ్డం లోపలికి లాక్కోవాలి. చేతులు ఖాళీగా వేలాడాలి. చూపు తిన్నగా ఎదటికి. అమ్మ గెడ్డం లాక్కుంటే కింద ఇంకో గెడ్డం వచ్చింది. నాకు నవ్వొచ్చింది.

"నవ్వకే, నీకూ వచ్చింది," అంది.

అలా ఒకరినొకరం చూసుకుంటూ నిలబడ్డాం. అమ్మ కళ్ళ కింద నీడలు, పాపిట్లో తెల్లవెంట్రుకలు, పై పెదవి మీద చిన్న గాటు, అంత తీరిగ్గా నేను తనని చూసి ఎన్నేళ్ళయిందో. వాన చూరు మీంచి మా మధ్యకి తుంపర కొడుతోంది.

"నన్నొక్కసారైనా రమ్మని ఎందుకు అడగలేదే నువ్వు?" అంది అమ్మ.

నేను గెడ్డం ఇంకాస్త లోపలికి లాక్కున్నాను.

"పొద్దస్తమానం మాట్లాడుకున్నాం. అన్నీ చెప్పావు. ఆ ఒక్కటీ అడగలేదు. ఎప్పుడడిగినా నీ ఇష్టం అమ్మా, నీ ఇష్టం అమ్మా. మీ నాన్న సంగతంటే నాకు తెలుసు, ఆయన నోట్లోంచి మాట రావాలంటే స్క్రూలు విప్పాలి. నీకేమైంది?"

గోడ చల్లగా వీపుకి తగులుతోంది. ఏదైనా చెప్పి తప్పించుకుందామనుకున్నాను, చదువనో, ఉద్యోగమనో. అమ్మ కళ్ళు తిన్నగా నామీదే ఉన్నాయి. దించుకుందామంటే చేతిలో ఫోన్ లేదు.

"అడిగితే రానంటావేమోనని," అన్నాను.

అమ్మ గోడ వదిలి ఇటు వచ్చింది. నా పక్కన తడి గచ్చు మీద కూర్చుని, నన్నూ చెయ్యి పట్టి లాగి కూర్చోబెట్టుకుంది. నా కుడిచెయ్యి తన ఒళ్ళో పెట్టుకుని, బొటనవేలి మొదట్నుంచి మోచేతి దాకా మెల్లగా నిమరడం మొదలుపెట్టింది. నొప్పి ఎప్పుడో పోయింది. ఆ సంగతి నేను చెప్పలేదు.

కాసేపటికి, "ఇప్పుడడుగు," అంది.

"వచ్చేశావుగా అమ్మా."

"అయినా సరే, అడుగు."

వీధిలో ఎవరో తడుస్తూ పరిగెత్తారు. అమ్మ నిమురుతూనే ఉంది, తొందరపెట్టలేదు.

"వచ్చెయ్యమ్మా," అన్నాను చివరికి.

"వస్తున్నా," అంది అమ్మ, నా చెయ్యి వదలకుండానే.